పాత రైలు ఇంజిన్లు, షెడ్డుల్లో మంటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇంజిన్లున్న షెడ్డు కాలిపోయిందనే వార్త ఎక్కడి నుంచి వచ్చినా, రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ పెడుతున్నాను. జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రస్తావన మాటిమాటికీ వస్తుంది. ఒక షెడ్డు మంట ఏం పట్టుకుపోతుందో, ఏం వదిలేస్తుందో తెలుసుకోవడానికి నా దృష్టిలో అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇంజిన్ అంటే ఇనుమే కదా, అది కాలడం ఏంటి?

ఇనుము కాలదు, షెడ్డు కాలుతుంది. పైకప్పు దూలాలు, చెక్క తలుపులు, పెయింటు డబ్బాలు, ఏళ్ల తరబడి నూనె తాగిన నేల, మూలన పడేసిన టైర్లు, కేబుళ్లు, ఇవన్నీ మండి ఆ వేడంతా ఇంజిన్ మీద పడుతుంది. మంట ముదిరిన భవనం లోపల 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి ఉంటుంది. ఉక్కు కరగాలంటే 1500 దగ్గరికి పోవాలి కాబట్టి ఇంజిన్ ముద్దయిపోదు. కానీ 600 డిగ్రీలకే ఉక్కు తన బలంలో సగానికి పైగా పోగొట్టుకుంటుంది, దాని మీద పైకప్పు కూలిపడితే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే మర్నాటి ఫొటోల్లో ఇంజిన్ నిలబడే కనిపిస్తుంది. రంగంతా పోయి, ఒక్క రాత్రిలో తుప్పు పట్టి, ఎర్రగా ఉంటుంది. "ఏం కాలేదు, రంగేస్తే సరిపోతుంది" అనేవాళ్లు కొందరు, "అంతా పోయింది" అనేవాళ్లు కొందరు. రెండూ తొందరపాటు మాటలే.

న్యూరెంబర్గ్‌లో ఏం జరిగింది?

2005 అక్టోబర్ 17న అక్కడి గోస్టెన్‌హోఫ్ ప్రాంతంలో ఉన్న పాత గుండ్రటి ఇంజిన్ షెడ్డుకు మంటలంటుకున్నాయి. డీబీ మ్యూజియం, అంటే జర్మన్ రైల్వే సొంత మ్యూజియం, తన ఇంజిన్లు చాలా వాటిని అందులోనే పెట్టుకునేది. ఇరవైకి పైగా చారిత్రక ఇంజిన్లు, బండ్లు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది.

లోపల ఏమేం ఉన్నాయో చూస్తే ఆ దెబ్బ ఎంతటిదో అర్థమవుతుంది. 01 150 అనే ఎక్స్‌ప్రెస్ ఇంజిన్, 1935లో హెన్‌షెల్ కంపెనీ కట్టింది, రెండు మీటర్ల ఎత్తు చక్రాలు. 45 010 అనే భారీ గూడ్స్ ఇంజిన్, ఆ రకంలో మొత్తం కట్టినవే 28, వాటిలో మిగిలింది ఇదొక్కటే. 23 105 అయితే 1959 చివర్లో పశ్చిమ జర్మనీ రైల్వేకు అందిన ఆఖరి స్టీమ్ ఇంజిన్. వీటన్నిటి పక్కన ఆడ్లర్, అంటే జర్మనీ మొదటి స్టీమ్ రైలును లాగిన ఇంజిన్‌కు నకలు. జర్మనీలో బడి పిల్లలకు కూడా తెలిసిన ఇంజిన్ అది.

ఇన్ని అపురూపమైనవి ఒకే కప్పు కింద ఉండటమే నాకు ఈ మొత్తం వ్యవహారంలో మింగుడుపడని విషయం. ఒక రకంలో మిగిలిన ఏకైక ఇంజిన్, ఒక రైల్వే కొన్న ఆఖరి ఇంజిన్, ఒక దేశపు మొదటి స్టీమ్ రైలుకు గుర్తు, మూడూ ఒకే అగ్గికి అందేలా పెట్టారు. అప్పట్లో ఎవరికీ అది తప్పనిపించలేదు, ఎందుకంటే ప్రపంచంలో చాలా రైల్వే మ్యూజియంలు ఇప్పటికీ చేస్తున్నది అదే. స్థలం ఎక్కడ దొరికితే అక్కడే అన్నీ పెడతారు.

ఆడ్లర్ అసలుది కాదు, నకలే కదా? నకలు కాలితే అంత బాధెందుకు?

నిజమే, నకలే. 1835 డిసెంబర్ 7న న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కు సుమారు 6 కిలోమీటర్లు నడిచిన అసలు ఆడ్లర్‌ను ఇంగ్లండ్‌లో స్టీఫెన్‌సన్ల కంపెనీ తయారుచేసింది. 1857లో దాన్ని అమ్మేశారు, తర్వాత ఆనవాలు లేదు. అప్పుడెవరికీ దాచిపెట్టాలన్న ఆలోచనే రాలేదు. ఆ మొదటి రైలు నూరేళ్ల పండగ కోసం 1935లో కైజర్స్‌లౌటర్న్ వర్క్‌షాపులో నడిచే నకలు ఒకటి కట్టారు. కాలింది అది.

కానీ 1935లో కట్టిన నకలుకు 2005 నాటికి 70 ఏళ్లు. అసలు ఇంజిన్ నడిచిందే 22 ఏళ్లు. నకలు అసలు కంటే మూడు రెట్లు ఎక్కువ బతికింది, అంతకంటే ఎక్కువ మంది చూశారు, ఎక్కారు. ఆ మాత్రం వయసొచ్చాక నకలు కూడా చరిత్రే అని నా అభిప్రాయం.

ఆడ్లర్ మళ్లీ ఎలా నడిచింది?

కాలిన ఆడ్లర్‌ను మైనింగెన్‌కు పంపారు. జర్మనీలోని తూరింగియా రాష్ట్రంలో ఉన్న ఆ స్టీమ్ ఇంజిన్ వర్క్‌షాపు ఐరోపా మొత్తంలో పెద్ద బాయిలర్ పనులు ఇప్పటికీ చేయగల అతి కొద్ది చోట్లలో ఒకటి. అక్కడ విప్పి చూస్తే బాయిలర్ చాలావరకు బాగానే ఉంది. దానికి రెండు కారణాలు: లోపల నీళ్లున్నాయి, మండుతున్న పైకప్పు ముక్కలు సరిగ్గా దాని మీద పడలేదు. ఒకటి ఎవరో చేసిన పని, రెండోది అదృష్టం. చెక్క భాగాలన్నీ కొత్తగా చేయాల్సి వచ్చింది. మొత్తం ఖర్చు సుమారు 10 లక్షల యూరోలు, అందులో కొంత ప్రజలు విరాళాలుగా ఇచ్చారు. 2007 నవంబర్‌లో ఆడ్లర్ తిరిగి న్యూరెంబర్గ్ చేరింది.

01 150 కూడా ఆ తర్వాత కొన్నేళ్లకు విరాళాల పుణ్యాన మైనింగెన్‌లోనే ఆవిరి పట్టింది. 45 010, 23 105 లకు పైపై మెరుగులు దిద్దారు, అవి నడవవు. చూడటానికి ఇంజిన్ లాగే ఉండటం వేరు, నడవడం వేరు, మధ్యలో ఉన్నది మొత్తం డబ్బే.

అయితే బాయిలర్లో ఎప్పుడూ నీళ్లు నింపి ఉంచితే సరిపోతుందా?

వినడానికి బాగుంటుంది గానీ అంత తేలిక కాదు. నీళ్లు తగులుతున్నంతసేపూ బాయిలర్ రేకు నీటి వేడిని దాటి పెద్దగా పైకి పోలేదు, కాబట్టి నీళ్లు రక్షిస్తాయన్నది నిజం. ఖాళీ బాయిలర్ అదే మంటలో ఉంటే ట్యూబులు వంగిపోతాయి, రేకులు మెలితిరుగుతాయి.

అయితే బయట నుంచి వేడి తగిలితే ఆ నీళ్లు మరిగి ఆవిరవుతాయి, ప్రెషర్ పెరుగుతుంది. సేఫ్టీ వాల్వులు బాగుంటే తెరుచుకుని ఆవిరిని వదిలేస్తాయి. మ్యూజియంలో నిలబెట్టిన ఇంజిన్‌కు ఆ వాల్వులు ఓవర్‌హాల్‌కు తీసేసి, ఆ రంధ్రాలకు ప్లేట్లు బిగించి ఉంటే? అప్పుడు మంట ఆర్పడానికి వచ్చినవాళ్ల పక్కన మీరు ఒక బాంబును పెట్టినట్టే. ఏ ఇంజిన్లో నీళ్లున్నాయి, దేనికి వాల్వులు లేవు అనే చీటీ ఫైర్ స్టేషన్ వాళ్ల దగ్గర ఉండాలి, షెడ్డు లోపల నోటీసు బోర్డు మీద కాదు.

ఇంకో చిక్కు, నిలవ నీళ్లు బాయిలర్‌ను లోపల నుంచి తినేస్తాయి. చలిదేశాల్లో గడ్డకట్టి పగలగొడతాయి. అందుకే ఎక్కువ కాలం నిలిపేసే ఇంజిన్‌ను పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, తేమ లాగే మందు పెట్టి మూసేస్తారు. రోజూ ఉండే ప్రమాదం తుప్పు, ఎప్పుడో ఒకసారి వచ్చేది మంట. చాలామంది తుప్పుకే భయపడతారు, నేనైనా అదే చేస్తాను.

మంటలో సరిగ్గా ఏ భాగాలు పోతాయి?

ముందుగా పోయేది వైట్ మెటల్. బేరింగుల్లో పోసే ఈ తగరం-సీసం రకం మిశ్రమం 250 డిగ్రీలు, అటూ ఇటూగా కరిగి కారిపోతుంది. ఇది పెద్ద నష్టం కాదు, మళ్లీ పోసుకోవచ్చు. తర్వాత ప్లేటు స్ప్రింగులు. వాటి గట్టిదనం అంతా పదును పెట్టిన తీరులో ఉంటుంది, మంటలో మగ్గితే ఆ పదును పోయి మెత్తబడి, ఇంజిన్ ఒక పక్కకు కుంగుతుంది.

చక్రాల సంగతి చాలామందికి తెలియదు. స్టీమ్ ఇంజిన్ చక్రం ఒకే ముక్క కాదు, మధ్యలో పోత చక్రం, దాని చుట్టూ ఉక్కు టైరు. మన ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కిస్తే చల్లారాక ఎలా బిగుసుకుంటుందో, ఇదీ అంతే, బోల్టులతో పెద్దగా పని లేదు, బిగువే దాన్ని పట్టుకుంటుంది. షెడ్డు మంట ఆ పనిని వెనక్కి తిప్పేస్తుంది. టైరు వేడెక్కి వదులవుతుంది, పక్కకు జారుతుంది, చల్లారాక సరైన చోట బిగుసుకుందో లేదో కంటికి తెలియదు. సుత్తితో కొట్టి చప్పుడు వింటారు, చక్రం మీదా టైరు మీదా కలిపి గీసిన గుర్తు కదిలిందేమో చూస్తారు. అనుమానం ఉంటే టైరు విప్పాల్సిందే.

ఇంజెక్టర్లు, వాల్వులు, ప్రెషర్ గేజ్‌లు, లూబ్రికేటర్లు, ఈల, ఇత్తడి, కంచు సామాను అంతా కరగడమో వంగడమో జరుగుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి నేల మీద వెండి రంగు మడుగుల్లా కనిపిస్తుంది.

అన్నిటికంటే నాకు భయం సిలిండర్లంటే. పాత ఇంజిన్ల సిలిండర్లు ఎక్కువగా పోత ఇనుము. మంటలో బాగా కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లిస్తుంది. కొత్త సిలిండర్ పోయాలంటే చెక్క నమూనా కావాలి, ఆ నమూనాలు సాధారణంగా అదే షెడ్డు అటక మీద ఉంటాయి, అవీ ఆ రాత్రే కాలిపోతాయి. డ్రాయింగులు, కొలతల పుస్తకాలు, ఆ ఇంజిన్ కోసమే చేసుకున్న స్పానర్లు, జిగ్‌లు ఇవన్నీ పోయాక మిగిలిన ఇంజిన్‌ను బాగుచేయడం ఎంత కష్టమో ఫిట్టర్‌ను అడగండి.

మంట కనిపించగానే ఇంజిన్లను బయటికి లాగేయొచ్చు కదా?

గుండ్రటి షెడ్డులో ఇది దాదాపు కుదరదు. అన్ని లైన్లూ మధ్యలో ఉన్న టర్న్‌టేబుల్ దగ్గరికే వస్తాయి. ఒక్కో ఇంజిన్‌ను దాని మీదికి ఎక్కించి, తిప్పి, బయట లైన్‌కు దించి, మళ్లీ వెనక్కి తిప్పాలి. కరెంటు పోతే చేత్తో తిప్పుకోవాలి. పైగా లోపలివి చల్లారిన ఇంజిన్లు, ఆవిరి లేదు, కదలవు. పెద్ద ఇంజిన్ ఒక్కోటి టెండర్‌తో (వెనక బొగ్గు, నీళ్లు మోసే బండితో) కలిపి వంద టన్నులు దాటుతుంది, లాగాలంటే ఇంకో ఇంజిన్ కావాలి, అది కూడా ఆ షెడ్డులోనే ఉంటుంది! మ్యూజియం ఇంజిన్లకైతే ఒక్కోసారి కనెక్టింగ్ రాడ్లు తీసేసి ఉంటాయి, చక్రాల కింద చెక్కలు బిగించి ఉంటాయి.

ఇవన్నీ సరే, ఆ పొగలోకి మనిషి వెళ్లకూడదు. ఇంజిన్ కోసం ప్రాణం పెట్టుకోమని ఎవరు చెప్పినా వినకండి.

చేయగలిగింది ముందే చేసుకోవాలి. ఒక చిన్న షంటింగ్ ఇంజిన్‌ను రాత్రిళ్లు బయటే నిలపడం, టర్న్‌టేబుల్‌ను అతి విలువైన ఇంజిన్ ఉన్న లైన్ వైపు తిప్పి వదిలి ఇంటికెళ్లడం. రెండో పనికి పైసా ఖర్చు లేదు.

ఇంజిన్ షెడ్డులు అంత తేలిగ్గా ఎందుకు అంటుకుంటాయి?

వయసు వల్ల. 19వ శతాబ్దంలోనూ, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ కట్టినవి కావడంతో పైన చెక్క దూలాలు, దాని మీద తారు అట్ట. పొగ పోవడానికి పెట్టిన గొట్టాల చుట్టూ దశాబ్దాల మసి పేరుకుని ఉంటుంది, ఆ మసి మండుతుంది. లోపల అడ్డుగోడలు ఉండవు, ఎందుకంటే ఇంజిన్లు తిరగాలి, క్రేన్ నడవాలి. దాంతో ఒక చివర అంటుకున్న మంట కప్పు కిందే పాకుతూ రెండో చివరికి చేరుతుంది, అడ్డుకునేది ఏదీ లేదు.

వెల్డింగ్ వల్లే ఎక్కువ మంటలు వస్తాయంటారు, నిజమేనా?

వర్క్‌షాపుల్లో ముందుగా అనుమానించాల్సింది దాన్నే. వెల్డింగ్, గ్యాస్ కటింగ్, గ్రైండింగ్, మూడింటి రవ్వలూ ఎగిరే దూరం మనం అనుకునేదానికంటే ఎక్కువ. అమెరికా ఫైర్ నియమాల్లో పని జరిగే చోటి నుంచి 35 అడుగుల దూరం వరకు మండే వస్తువు ఉండకూడదని ఉంది, తీయలేకపోతే కప్పాలి. పని ఆపాక కూడా ఒక మనిషి కనీసం గంటసేపు అక్కడే ఉండి చూడాలి.

ఆ గంట దగ్గరే అంతా తప్పుతుంది. సాయంత్రం ఆఖరి కటింగ్ అయిపోతుంది, టార్చ్ ఆర్పేసి, చేతులు కడుక్కుని, టీ తాగి తాళం వేస్తారు. అప్పటికి ఒక రవ్వ ఇంజిన్ కింద ఉండే గుంతలోకి, అంటే పిట్‌లోకి జారి, అక్కడ గ్రీజు పట్టిన చెక్కపొట్టులో నిశ్శబ్దంగా రాజుకుంటూ ఉంటుంది. మంట రాదు, పొగ కూడా సరిగ్గా రాదు. రాత్రి 10 దాటాక మంటవుతుంది. వారాంతాల్లో పనిచేసే వాలంటీర్ల రైల్వేల్లో ఈ భయం ఇంకా ఎక్కువ, అందరికీ ఇంటికెళ్లే తొందరే.

నన్నడిగితే మధ్యాహ్నం 3 తర్వాత షెడ్డు లోపల నిప్పు పని పెట్టుకోకూడదు. చేస్తే బయట ఆరుబయట చేసుకోండి.

నూనె గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయా?

కొన్ని అంటుకుంటాయి. ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మామూలు ఇంజిన్ ఆయిల్, గ్రీజు పట్టిన కాటన్ వేస్ట్ బాగా మండుతుంది గానీ దానంతట అది అంటుకోవడం అరుదు. అవిసె నూనె వేరు. పాత చెక్క రైలు పెట్టెలకు వార్నిష్, పెయింటు పనుల్లో ఉడికించిన అవిసె నూనె వాడతారు. అది ఆరడం అంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డను విప్పి తీగ మీద ఆరేస్తే ఆ వేడి పోతుంది. ఉండగా చుట్టి డబ్బాలో పడేస్తే వేడి లోపలే పెరిగి, కొన్ని గంటల్లో గుడ్డ నల్లబడి, పొగలు కక్కి, అంటుకుంటుంది. అగ్గిపుల్ల అవసరం లేదు.

మూత ఉన్న ఇనుప డబ్బా, అందులో కాసిని నీళ్లు, రోజూ సాయంత్రం బయటికి తీసుకెళ్లి ఖాళీ చేయడం. ఇంతే పరిష్కారం.

నిప్పుతో నడిచే స్టీమ్ ఇంజినే మంటలకు కారణం కాదా?

షెడ్డు లోపల అది అనుకున్నంత ప్రమాదకారి కాదు, ఎందుకంటే దాని నిప్పు ఇనుప పెట్టెలో ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి ఒకడుంటాడు. చిక్కంతా దాని చుట్టూ ఉండేవాటితో. తెల్లవారుజామున ఫైర్‌బాక్స్ వెలిగించడానికి పేర్చుకున్న ఎండు కట్టెలు, డీజిల్‌లో ముంచిన గుడ్డలు, ముందురోజు లాగేసిన బూడిద. పైకి చల్లారినట్టు కనిపించే బొగ్గు బూడిద కుప్ప లోపల మర్నాటి దాకా నిప్పు దాచుకోగలదు. దాన్ని చెక్క గోడ పక్కన పోస్తే అంతే.

షెడ్డు బయట మాత్రం కథ వేరు. అమెరికాలోని కొలరాడోలో 2018 జూన్‌లో సుమారు 54 వేల ఎకరాల అడవి కాలింది. డురాంగో-సిల్వర్టన్ రైల్వే బొగ్గు ఇంజిన్ రవ్వలే కారణమని ప్రభుత్వం కేసు వేస్తే, 2022లో 2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ రైల్వే తన ఇంజిన్లను బొగ్గు నుంచి ఆయిల్‌కు మార్చుకుంది. బొగ్గు పొగ వాసన లేకపోతే మజా ఏముంది అని గొణిగేవాళ్లు ఉన్నారు, ఉంటారు.

డురాంగోలో షెడ్డు కూడా కాలిందని విన్నాను?

అవును, అది వేరే ఘటన, 1989 ఫిబ్రవరి 10న. 1881 నాటి గుండ్రటి షెడ్డు, లోపల ఆరు ఇంజిన్లు. షెడ్డు పూర్తిగా పోయింది. ఆరు ఇంజిన్లూ దెబ్బతిన్నాయి, ఆరూ మళ్లీ బాగుపడ్డాయి. మిగిలిన పాత గోడలను కలుపుకుంటూ కొత్త షెడ్డు కట్టుకుని మరుసటి ఏడాది తెరిచారు.

న్యూరెంబర్గ్‌లో కొన్ని ఇంజిన్లు నడవకుండా ఉండిపోయాయి, డురాంగోలో అన్నీ ఎందుకు నడిచాయి? నాకు కనిపించే కారణం ఒకటే. డురాంగో వాళ్లకు అవి బతుకుదెరువు. ఇంజిన్ లేకపోతే టికెట్లు లేవు, జీతాలు లేవు. రోజూ వాటిని విప్పి బిగించే చేతులు ఆ ఊళ్లోనే ఉన్నాయి. మ్యూజియానికి ఇంజిన్ నడవకపోయినా గడుస్తుంది.

ఆ రైల్వే దగ్గరున్న వాటిలో కె-28 రకం ఇంజిన్ల సంగతి చెప్పాలి. 1923లో కట్టినవి పది. రెండో ప్రపంచ యుద్ధంలో ఏడింటిని అలాస్కా వైపు తీసుకెళ్లి, అవసరం తీరాక తుక్కు చేసేశారు. మిగిలిన మూడూ ఈ ఒక్క రైల్వే చేతిలోనే ఉన్నాయి, అంటే ఇక్కడా అపురూపమైనవన్నీ ఒకేచోటే.

ఒకే మంటలో ఎక్కువ ఇంజిన్లు పోయింది ఎక్కడ?

నాకు తెలిసినవాటిలో పిట్స్‌బర్గ్, 1877 జూలై. అది ప్రమాదం కాదు. జీతాల కోతపై అమెరికా అంతటా రైల్వే సమ్మె జరుగుతోంది, ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన సైనికులు కాల్పులు జరిపి జనాన్ని చంపాక షెడ్డులో దాక్కున్నారు. జనం మండుతున్న రైలు పెట్టెలను వాళ్ల మీదికి దొర్లించారు. లెక్క తేలేసరికి పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు చెందిన 104 ఇంజిన్లు, 1200కు పైగా పెట్టెలు, 39 భవనాలు పోయాయి. అప్పటికవి పాత ఇంజిన్లు కావు, రోజూ పనిచేసేవే.

అడవి మంటలు షెడ్డు దాకా వస్తే?

ఆస్ట్రేలియాలో లిత్‌గో దగ్గరి జిగ్ జాగ్ రైల్వేను చూడండి. 2013 అక్టోబర్‌లో సైన్యం శిక్షణ స్థలంలో మొదలైన మంట అడవి దాటి వచ్చి వర్క్‌షాపును, బండ్లను కాల్చేసింది. కూడగట్టుకుని లేస్తుండగా 2019 డిసెంబర్‌లో ఇంకో అడవి మంట. మళ్లీ ప్రయాణికులు ఎక్కింది 2023 మేలో. దాదాపు పదేళ్లు ఒక్క టికెట్ కూడా అమ్మకుండా వాలంటీర్లు పట్టుకుని ఉన్నారు.

డీజిల్, ఎలక్ట్రిక్ ఇంజిన్లు మంటకు తట్టుకుంటాయా?

స్టీమ్ ఇంజిన్ కంటే తక్కువ. స్టీమ్ ఇంజిన్ మందపాటి రేకులు, ఫోర్జింగులు (కాల్చి సాగగొట్టిన ఉక్కు ముక్కలు), అంతే. డీజిల్‌లో మైళ్ల కొద్దీ వైరింగ్, రబ్బరు గొట్టాలు, చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్ల వైండింగులు, కంట్రోల్ కార్డులు ఉంటాయి. ఇన్సులేషన్ కాలితే ఆ మోటారు మళ్లీ చుట్టుకోవాల్సిందే. పాత కార్డులు ఇప్పుడెవరూ చేయరు.

నిలిపేసిన డీజిల్ ఇంజిన్‌లో మొదట చూడాల్సింది బ్యాటరీ నైఫ్ స్విచ్ (బ్యాటరీ కరెంటును కట్ చేసే మీట) తీసి ఉందా లేదా అని. మన ఆల్కో రకం డీజిల్ ఇంజిన్లు నడిపినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ స్విచ్ వేసి వదిలేస్తే ఎప్పుడో చివికిన వైరు ఒకటి అర్ధరాత్రి షార్ట్ అవుతుంది. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడాలి.

చెక్క పెట్టెలు?

అవి మిగలవు. ఇనుప ఫ్రేము, చక్రాలు తప్ప బూడిదే. చర్చంతా ఇంజిన్ల గురించి నడుస్తుంది గానీ, తిరిగి రానివి చెక్క బోగీలే. వాటిని ఇంజిన్ల పక్కన, వెల్డింగ్ జరిగే చోట పెట్టకండి, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

స్ప్రింక్లర్లు పెడితే నీళ్లతో మొత్తం పాడైపోతుందట?

సినిమాల్లో చూపించినట్టు ఒకచోట పొగ వస్తే హాలంతా వాన కురవదు. ప్రతి స్ప్రింక్లర్‌కు చిన్న గాజు గొట్టం ఉంటుంది, దాని దగ్గర వేడి హద్దు దాటితే అది పగిలి ఆ ఒక్కటే నీళ్లు చిమ్ముతుంది. చాలా మంటలు కొన్ని స్ప్రింక్లర్లతోనే అదుపులోకి వస్తాయి.

గాజు రంగు చూసి కొనుక్కోండి. ఎరుపు 68 డిగ్రీలకు పగులుతుంది, పసుపు 79, ఆకుపచ్చ 93. మే నెలలో రామగుండం వైపు రేకుల షెడ్డు కప్పు కింద వేడి ఎంతుంటుందో ఊహించుకుని, దాని కింద ఆవిరి పట్టే ఇంజిన్ కూడా ఉంటే ఎరుపు ఎందుకు వద్దో తెలుస్తుంది. పొగను పసిగట్టే డిటెక్టర్లు కూడా స్టీమ్ షెడ్డులో పనికిరావు, రోజూ మోగుతాయి, నాలుగో రోజు ఎవరో వైరు పీకేస్తారు. వేడిని పసిగట్టేవి పెట్టుకోవాలి.

కాలిపోతే కొత్తది కట్టుకోలేమా?

కట్టొచ్చు. బ్రిటన్‌లో ఎ1 రకం ఇంజిన్లు 49 ఉండేవి, 1966 నాటికి ఒక్కటీ మిగల్లేదు. అభిమానులు 1994లో మొదలుపెట్టి 2008లో టోర్నడో అనే కొత్త ఎ1ను పట్టాల మీద పెట్టారు, ఖర్చు సుమారు 30 లక్షల పౌండ్లు. దాని బాయిలర్ కట్టింది కూడా మైనింగెన్‌లోనే. పాత డ్రాయింగులు భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది. మీ దగ్గర ఇంజిన్ ఉందంటే ముందు దాని డ్రాయింగులు స్కాన్ చేయించి వేరే ఊళ్లో ఒక కాపీ పెట్టండి.

ఇంకో మాట, ఆ 49 ఇంజిన్లూ మంటల్లో పోలేదు. గ్యాస్ కటర్‌తో కోసి తుక్కుకు అమ్మేశారు. పాత ఇంజిన్లను చంపినవాటిలో షెడ్డు మంటలది చాలా చిన్న వాటా. వేల్స్‌లోని బ్యారీ తుక్కు యార్డు యజమాని కోయడం వాయిదా వేస్తూ వచ్చాడు కాబట్టి అక్కడి నుంచి 213 ఇంజిన్లు బయటపడ్డాయి.

మన దగ్గర పరిస్థితి?

మన పాత ఇంజిన్లు ఎక్కువగా ఆరుబయటే ఉన్నాయి. స్టేషన్ ముందో, డివిజన్ ఆఫీసు ముందో దిమ్మె మీద, ఎండకీ వానకీ. ఢిల్లీలోని నేషనల్ రైల్ మ్యూజియంలో కూడా చాలా ఇంజిన్లు బయటే నిలబడతాయి. మంట భయం తక్కువ, తుప్పు భయం ఎక్కువ, ఇత్తడి సామాను దొంగల భయం ఇంకా ఎక్కువ. నడిచే ఇంజిన్లున్న చోట్లు వేరు. హర్యానాలోని 1893 నాటి రేవాడీ స్టీమ్ షెడ్డులో నడిచే స్టీమ్ ఇంజిన్లు చాలా ఒకేచోట ఉన్నాయి, నేను పైన న్యూరెంబర్గ్ గురించి అన్నమాటే అక్కడికీ వర్తిస్తుంది. అదే 1893లో నిజాం రైల్వే కోసం మొదలైన మన లాలాగూడ వర్క్‌షాపు లాంటివి ఇప్పటికీ పని నడిచే చోట్లు కాబట్టి ఫైర్ డ్రిల్లులు, పర్మిట్లు, షిఫ్టుల్లో మనుషులు ఉంటారు. ఎవరూ రాని చోట నిలిపేసిన ఇంజినే అన్నిటికంటే దిక్కులేనిది.

మంట ఆరాక మొదటి రెండు రోజుల్లో ఏం చేయాలి?

ముందు, లోపలికి వెళ్లకండి. పాత బాయిలర్లకు, పైపులకు ఆస్బెస్టాస్ చుట్టి ఉండేది. అది మంటలో చెదిరి దుమ్మై అంతటా పడుతుంది. పరీక్ష చేసి, శుభ్రం చేసేవాళ్లు వచ్చి వెళ్లేదాకా ఆగాల్సిందే, నెలలు పట్టినా సరే.

వేడిగా ఉన్న పోత ఇనుము మీద అదనంగా నీళ్లు కొట్టొద్దని ఫైర్ ఆఫీసర్‌కు ముందే చెప్పి ఉంచండి, మంట ఆరిన చోట ఇనుమును దానంతట దాన్ని చల్లారనివ్వాలి. కేబుళ్ల పీవీసీ కాలినప్పుడు వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది, అది తడి మసితో కలిసి ఇంజిన్ మీద అంటుకుని కూర్చుంటుంది. మంట మిగిల్చిన యంత్రపు నునుపు భాగాలను ఇది తినేస్తుంది. అనుమతి రాగానే ఆ మసి కడిగించి, ఆరబెట్టి, నూనె పూయాలి. ఏదీ కదపకముందు ప్రతి ముక్కనూ పడిన చోటే ఫొటో తీయండి, కరిగిన నంబర్ ప్లేటును కూడా. రాత్రికి కాపలా పెట్టండి, తుక్కువాళ్లు మీకంటే ముందు వస్తారు. ఫ్రేములకు గట్టిదనం పరీక్ష, బాయిలర్‌కు అల్ట్రాసోనిక్ మందం పరీక్ష అయ్యేదాకా "పనికిరాదు" అని ఎవరు అన్నా కోతకు సంతకం పెట్టొద్దు.

మాది చిన్న సంఘం, ఒకే ఇంజిన్, డబ్బు లేదు. ఏదైనా ఒక్కటి చేయగలిగితే ఏం చేయాలి?

షెడ్డు ఖాళీ చేయండి. ఇంజిన్‌ను కాదు, మిగతా సామాను. ఎప్పటికైనా పనికొస్తుందని దాచిన చెక్కలు, ఎండిన పెయింటు డబ్బాలు, పాత సోఫా, ఎవరో తెచ్చి పెట్టిన మోటార్ సైకిల్, ఖాళీ డ్రమ్ములు. గ్యాస్ సిలిండర్లు బయట బోనులో పెట్టి తాళం వేయండి. రాత్రికి మెయిన్ స్విచ్ ఆపేయండి. తర్వాత మీ ఊరి ఫైర్ స్టేషన్ వాళ్లను ఒక ఆదివారం టీకి పిలిచి షెడ్డంతా తిప్పి చూపించండి, గేటు వెడల్పు వాళ్ల బండికి సరిపోతుందో లేదో ఆ రోజే తేలిపోతుంది.